సుద్దగీతల గది

మా బావ తయారుచేసిన దుకాణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కదాంట్లోనూ ఆయన జనాన్ని చూడలేదు. ఒక బట్టల కంపెనీ ఏ ఊళ్ళో కొట్టు తెరవాలనుకున్నా ఒక ఖాళీ గది అద్దెకు తీసుకుని మా చేతికిచ్చేది. మేం వెళ్ళి నేల పరిచి, పైకప్పు కింద ఇంకో కప్పు వేసి, ర్యాకులు, కౌంటరు, అద్దాలు, దీపాలు బిగించి, ఇక బట్టలు తెచ్చి పెట్టుకోవడమే తరువాయి అన్నట్టు చేసి తాళాలు అప్పగించేవాళ్ళం. అప్పగించిన రోజే లారీ ఎక్కేవాళ్ళం. రిబ్బను ఎవరు కత్తిరించారో, మొదటి చొక్కా ఎవరు కొన్నారో మాకు తెలిసేది కాదు.

దగ్గరి ఊళ్ళ పనులు వేరేవాళ్ళకి పోయేవి. బస్సు కూడా మొహం చాటేసే ఊళ్ళు మా బావకి వచ్చేవి. కొండ మీదిదైనా, ఏటికి అవతలిదైనా, గని పక్కదైనా ఆయన కాదనేవాడు కాదు. అంత దూరం వెళ్ళాక ఒక మడతబందు మర్చిపోయామంటే వారం పని ఆగుతుంది. బావ మర్చిపోడు. అందుకే ఆయన్నే పంపేవాళ్ళు. ఆయన దాన్నొక బిరుదులా మోసేవాడు.

నేను ఆయన ముఠాలో కరెంటు పనివాణ్ణి. ఆయన భార్య మా అక్క. పెళ్ళాం తమ్ముడని పెట్టుకున్నాడని ముఠా అనుకునేది, పని వచ్చు కాబట్టి పెట్టుకున్నాడని నేను అనుకునేవాణ్ణి. కరెంటు పని మొదట్లో కొంత, చివర్లో కొంత. మధ్యలో నేను ఇంటికొచ్చి అక్కావాళ్ళ దగ్గరే ఉండేవాణ్ణి. బావ మటుకు పని మొదలైనప్పుడు వెళ్తే అప్పగించాకే రావడం. అలా రెండు చోట్లా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ వానాకాలం సంగతి చెప్పాల్సినవాణ్ణి కూడా అందుకే నేనయ్యాను.

అక్క బట్టలు కుట్టేది. మధ్యగదిలో మంచం పక్కన మిషను. మంచం మీద కత్తిరించినవి, కుర్చీ మీద కుట్టినవి, కిటికీ ఊచలకి ఇస్త్రీ చేసినవి. మా మేనకోడలు చదువుకోడానికి కూర్చోవాలంటే ముందు ఎవరిదో ఒక చొక్కా పక్కకి జరపాలి. ముందుగది మాత్రం రెండు కుర్చీలతో, బావ పనిముట్ల పెట్టెలతో ఖాళీగా ఉండేది. ఆ గదిలో కొట్టు పెట్టుకుంటానని అక్క అడగడం, నేనుండగా ఇంకెవరు చేస్తారు, నేనే చేస్తానని బావ అనడం ఆ ఇంట్లో పాత పాట. దీపం కింద చీకటి అని పక్కింటావిడ మొహం మీదే అనేది. బావ నవ్వేవాడు. అక్క నవ్వేది కాదు.

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే ఏటి అవతల ఊరి పని వచ్చింది. బావ పెట్టె సర్దుకుంటుంటే అక్క కత్తెర పక్కన పెట్టి వచ్చింది.

"వానలు తగ్గేసరికి పండగలు వస్తాయి. కొత్త బట్టలన్నీ అప్పుడే కుట్టాలి. ఈలోపల కొట్టు పెట్టాలి," అంది.

"పెడదాం."

"పెడదాం అనే నేనూ అంటున్నాను. మీరు చేస్తారా, ఎవర్నైనా పిలుచుకోనా?"

"నేనుండగా వేరేవాళ్ళేంటి? విన్నవాళ్ళు నవ్వుతారు."

"మీరున్నారనే ఇన్నాళ్ళూ ఆగాను. మెయిన్‌రోడ్డు మీద బ్యూటీపార్లరు ఆవిడ తన కొట్లో సగం ఖాళీగా ఉంది, వచ్చి మిషను వేసుకోమని ఎన్నిసార్లు పిలిచిందో. మా ఆయన ఇంట్లోనే కడతానన్నాడని చెప్పీ చెప్పీ నాకే సిగ్గేస్తోంది."

"కౌంటరు అక్కడే చేయించి లారీలో పంపిస్తానే. గది కొలతలన్నీ నా బుర్రలో ఉన్నాయి."

అక్క వెళ్ళి తలుపు తీసింది. "సరే, ఇదే ఆఖరుసారి అడగడం. ఈ వానల్లో అయితే ఇంట్లో. లేదంటే నేను ఆవిడ దగ్గరికి వెళ్ళిపోతాను. ఆ తర్వాత మిమ్మల్ని ఏ పనీ అడగను. కోపంతో అనడం లేదు. అడగడం, ఎదురుచూడ్డం, ఇక నా వల్ల కావడం లేదు."

"ముక్కు మీద కోపం మీ అక్కకి," అన్నాడు బావ నాతో. అక్క గొంతులో కోపం లేదు. అదే నాకు నచ్చలేదు. ఆవిడ తలుపు రెక్క పట్టుకుని నిలబడితే బావ తన వెడల్పు పెట్టెని పక్కకి తిప్పి గుమ్మం దాటించాడు. ఇద్దరం సందులోకి దిగాం.

ఆ ఊరికి వెళ్ళాలంటే ఏరు దాటాలి. వంతెన లేదు. బల్లకట్టు ఉంది. దాని మీదికి లారీ ఎక్కించి, చక్రాలకి రాళ్ళు పెట్టి, ఇనప తాడు పట్టుకుని లాగుతూ తీసుకెళ్తారు. నీళ్ళు పెరిగితే బల్లకట్టు ఆపేస్తారు. అది ఎప్పుడు ఆపుతారో నడిపేవాడికి తప్ప ఎవరికీ తెలియదు, వాడు చెప్పడు. ఊరు ఒకటే వీధి. ఆ వీధి చివర మేం పని చెయ్యాల్సిన గది. అంతకుముందు అందులో ఎరువుల బస్తాలు ఉండేవట. మొదటి వారమంతా దగ్గుతూనే పనిచేశాం.

మా ముఠాలో ముఖ్యుడు వడ్రంగి మేస్త్రీ. ఆయన్ని అందరం మిల్లీమీటరు అనేవాళ్ళం. అంతకంటే ఎక్కువ తేడా వస్తే ఆయనకి అన్నం సహించదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. దూరానికి పోయే ఏ సామానైనా ముందు తయారైన చోటే నిలబడాలి. అది వెళ్ళబోయే గది గోడల్ని నేల మీద సుద్దతో అసలు సైజులో గీస్తాం. ఆ గీతల మధ్య కౌంటర్లు, ర్యాకులు ఒకసారి బిగించి, తలుపు తెరుచుకుంటుందో లేదో, మనిషి తిరగ్గలడో లేదో చూసుకుని, నంబర్లు వేసి, విప్పి లారీకెక్కిస్తాం. సుద్దగీత అంటే గోడ కిందే లెక్క. దాన్ని దాటి నడిస్తే మిల్లీమీటరు ఊరుకోడు. చుట్టూ తిరిగి తలుపు దగ్గర్నుంచే రమ్మంటాడు.

ఆ గీతలు గీసేది బావ. కాగితం చూడకుండా గీస్తాడు. గదిని ఒకసారి కొలిస్తే చాలు, అది ఆయన లోపల ఉండిపోతుంది. ఈ ఊళ్ళో ఒక పని చేయిస్తూనే ఇంకో ఊళ్ళో ఇంకో ముఠా చేత ఫోనులో పని చేయించేవాడు. సిగ్నలు కోసం సిమెంటు బస్తాల మీదికెక్కి, "ఎడమ గోడకి మూడో స్తంభం పక్కన చెయ్యి పెట్టి చూడు, పైపు తగులుతుంది. దాని మీద మేకు కొట్టావంటే ఊరంతా తడుస్తుంది," అనేవాడు. అవతలివాడు చెయ్యి పెట్టి చూస్తే పైపు ఉండేది. ఒకసారి కొలిచిన గదిని బావ మళ్ళీ చూసేవాడు కాదు. అవసరం వచ్చేది కాదు. ఖాళీ దుకాణం మనం కదిపితే తప్ప కదలదు.

సాయంత్రం పూట పని ఆపాక ఆయన్ని చూడాలి. ఇంట్లో కంచం ముందు కూర్చుని ఊ, ఆ అనే మనిషి, అక్కడ అందరికీ టీ కాచేవాడు. పెయింటరు పిల్లాడికి జ్వరం ఎలా ఉందో అడిగేవాడు, లారీ డ్రైవరు మామగారి కోర్టు కేసు ఎంతవరకు వచ్చిందో అడిగేవాడు. ట్రయల్ రూముల్లో పరుపులు వేసుకుని పడుకునేవాళ్ళం. ఒక్కొక్కరికి ఒక్కో గది, ఒక్కో నిలువుటద్దం. ఇంత సుఖం ఇంటి దగ్గర ఎక్కడుందిరా అనేవాడు బావ. ముఠా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా బావ రచ్చ గెలిచాడు. ఇల్లు ఎలాగూ ఎక్కడికీ పోదులే అనుకున్నాడు.

వైర్లు లాగడం అయిపోయాక నేను ఇంటికొచ్చాను. వాన పడుతూనే ఉంది. అక్క మధ్యగదిలో దీపం వేసుకుని కాజాలు కుడుతోంది. పార్లరు ఆవిడ మంచం అంచున కాస్త చోటు చేసుకుని కూర్చుంది. వేరేవాళ్ళెవరో ఆ సగం కొట్టు అడుగుతున్నారనీ, శనివారంలోగా అవుననో కాదనో చెప్పమనీ అంటోంది. ఆవిడ వెళ్ళాక అక్క నన్ను అడిగింది.

"మీ బావ నిజంగా కౌంటరు చేయిస్తున్నారా?"

"చేయిస్తానన్నాడుగా."

"నువ్వు చూశావా?"

"నేనున్నప్పుడు మొదలెట్టలేదు."

అక్క దారం కొరికింది. "శనివారం అని చెప్పు. ఇంకేమీ చెప్పకు. బతిమాలినట్టు ఉండకూడదు."

"ఫోన్ చేసి నువ్వే చెప్పొచ్చు కదక్కా."

"ఫోనులో చెప్తే ఆయన సరే అంటారు. నాకు సరే వద్దు."

మధ్యలో కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను చెప్పులు వేసుకున్నాను. మేనకోడలు నా వెనకాలే సందులోకి వచ్చి, "మావయ్యా, నాన్న ఈసారి చేస్తారా?" అని అడిగింది. చేస్తాడన్నాను. ఆ పిల్ల నమ్మినట్టు తలూపింది, నన్ను నొప్పించడం ఎందుకని.

గురువారం ఏరు దాటాను. నీళ్ళు అంతకుముందు చూసినదానికంటే ఎర్రగా, ఎత్తుగా ఉన్నాయి. ఇనప తాడు మధ్యలో నీళ్ళకి తగులుతోంది. ఎల్లుండి నడుస్తుందా అని అడిగితే బల్లకట్టు మనిషి ఏటివైపు చూసి మీసం దువ్వుకున్నాడు. వాడి భాషలో నడవదని అర్థం. శుక్రవారం ఉదయమే మా ఖాళీ లారీ వెనక్కి వెళ్ళిపోవాలి. లేకపోతే ఏరు తగ్గేదాకా ఇక్కడే. కొట్టు అప్పగించడం ఆదివారం.

అక్క చెప్పమన్న మాట చెప్పాను. శనివారం అనగానే బావ మొహం వెలిగింది. "రొట్టె విరిగి నేతిలో పడింది. రేపు లారీ వెళ్తోంది, శనివారం పొద్దున్నకి ఇంటి దగ్గరుంటుంది. అంతా సిద్ధం. రేపు ఎక్కించే ముందు చూద్దువుగాని," అన్నాడు. ఆయన సొంతంగా మంచి ప్లైవుడ్డు తెప్పించి, రోజూ పని అయిపోయాక మిల్లీమీటరుతో కూర్చుని చేయించాడట. పెయింటరు తనంతట తానే రెండు కోట్లు ఎక్కువ వేశాడట. వాళ్ళందరికీ అక్క చేతి టీ తాగిన రుణం ఉంది. నాకు బావ మీద నిజంగా ప్రేమ కలిగింది. ఆ మాట అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

మర్నాడు పొద్దున్నే నేను ముందువైపు నిచ్చెన మీద ఉన్నాను. బోర్డు వెనక దీపాలు కలుపుతుంటే వెనకనుంచి పిలిచారు. కొట్టు వెనక ఒక గోడౌను ఉంది. దాని నేల మీద బావ మా ముందుగదిని గీశాడు. నాలుగు గోడలు తెల్లగా, నిటారుగా ఉన్నాయి. మధ్యలో కౌంటరు బిగించి ఉంది, ఒక మూల నుంచి రెండు వైపులకి తిరిగి. పొట్టి వైపు గుడ్డ పరిచి కత్తిరించుకోడానికి, పొడుగు వైపు కింద అరలు, దారాలకి చిన్న చిన్న సొరుగులు. చెక్క అంచుల్ని గుడ్డకి తగులుకోకుండా నున్నగా గుండ్రం చేశారు. పెయింటరు, బావ, మిల్లీమీటరు ఆ గీతల లోపల నిలబడి పెళ్ళివారిలా నవ్వుతున్నారు. బయట లారీవాడు హారను కొడుతున్నాడు.

"ఏది, అక్క ఇంట్లోకి రా, చూద్దాం," అన్నాడు బావ.

నేను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ లోపలికి నడిచాను. నాలుగడుగులు వెయ్యకుండానే కౌంటరు పొడుగు వైపు నా నడుముకి తగిలింది.

"కళ్ళు నెత్తికెక్కాయా? గోడలోంచి నడుస్తావేం?" అన్నాడు మిల్లీమీటరు.

కిందకి చూశాను. గీత నా కాళ్ళ వెనక ఉంది.

"తలుపు ఇటే కదా," అన్నాను.

"తలుపు అదిగో." ఆయన చూపించిన వైపు గీతలో ఖాళీ వదిలి ఉంది. రెక్క తిరిగే వంపు కూడా గీసి ఉంది. వీధివైపు.

"అది మూసేశాం కదా బావా. అక్కడిప్పుడు కిటికీ."

బావ నవ్వుతూనే ఉన్నాడు. "బామ్మర్దీ, నా ఇల్లు నాకే చెబుతున్నావా?"

నా కాళ్ళ వెనకున్న గీత చూపించాను. నవ్వు ఆయన మొహం మీద కాసేపు ఉండి, తర్వాత లేదు.

"ఎప్పుడు?" అన్నాడు.

"వీధిలో రోడ్డు ఎత్తు పెంచారు చూడు, ఆ ఏడు. వాన నీళ్ళు గుమ్మంలోంచి లోపలికొస్తుంటే అక్క తాపీమేస్త్రీని పిలిచి అది మూయించి, సందువైపు తలుపు పెట్టించింది. స్విచ్‌బోర్డు నేనే మార్చాను."

"నాకు చెప్పలేదే."

"ఫోనులో చెప్పింది. సరే అన్నావు."

పెయింటరు నెమ్మదిగా గీతల బయటికి వెళ్ళాడు. తలుపు దగ్గర్నుంచే, చుట్టూ తిరిగి.

"నిరుడంతా నేను..." అని బావ ఆగాడు. నిరుడంతా ఆయన వచ్చిన ప్రతిసారీ సందువైపు నుంచే వచ్చాడు, సందువైపు నుంచే వెళ్ళాడు. ఆయన కాళ్ళకి తెలుసు. ఇల్లు కొన్న రోజున కొలిచి లోపల పెట్టుకున్న గది మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని మళ్ళీ తీసి చూడలేదు.

వంగి, చేత్తో ఆ వీధి తలుపు వంపుని తుడిచేశాడు. సందువైపు గోడ గీత దగ్గర సుద్దముక్క పట్టుకుని కూర్చుని నన్ను అడిగాడు. "ఎంత వెడల్పు?"

"కొలవలేదు బావా. నీ పెట్టె పక్కకి తిప్పితే పట్టింది."

ఆయనకి అది గుర్తుంది. తలూపాడు. ఆ వెడల్పు చేతులతో చూపించుకుని గీత చెరిపాడు. ఆ ఖాళీకి సరిగ్గా అడ్డంగా కౌంటరు పొడుగు వైపు నిలబడి ఉంది, దారాల సొరుగులన్నీ సందువైపు వీపు పెట్టి. ఆ కౌంటరు పెడితే ఆ ఇంట్లోకి మనిషి రాలేడు.

మిల్లీమీటరు గొంతు సవరించుకున్నాడు. "పోనీలెండి. ఇంటికి ఫోన్ చేసి కొలతలు అడగండి. తిప్పి చేసేద్దాం. రెండు రోజులు పడుతుంది."

"రెండు రోజులకి లారీ ఉండదు, శనివారమూ ఉండదు."

"కొలతలు అడిగితే చెబుతారుగా, ఆవిడకి పని జరుగుతోందనైనా తెలుస్తుంది."

"అడిగితే చెబుతుంది," అన్నాడు బావ. "నా ఇంటికి తలుపు ఎక్కడుందే అని నా పెళ్ళాన్ని ఫోనులో అడగనా మేస్త్రీ? నాకు మొహం లేదు."

ఆయన సిగ్గుపడటం నేను అప్పటిదాకా చూడలేదు. చూడ్డానికి బాగాలేదు. మళ్ళీ హారను వినిపించింది. బావ లేచి పంట్లానికి అంటిన సుద్ద దులుపుకుని, కౌంటరు విప్పమన్నాడు. విప్పిన ముక్కలు లారీకెక్కుతుంటే తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆదివారం నువ్వు అప్పగించు."

"నేనా?"

"దీపాలన్నీ వేసి చూపించు. షట్టరు రెండుసార్లు ఎత్తి దించు. వాళ్ళు ఏదైనా అంటే రాసుకో. అంతకంటే ఏముంది?"

"హెడ్డాఫీసువాళ్ళు ఊరుకోరు బావా. అప్పగించకుండా నువ్వెప్పుడూ కదల్లేదు."

"ఊరుకోరు," అని ఒప్పుకున్నాడు. లారీ ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. పెట్టె తెచ్చుకోవడం మర్చిపోయాడు. ఆ మాట ఎవరూ గుర్తు చెయ్యలేదు.

మధ్యాహ్నానికి బల్లకట్టు ఆపేశారు.

ఆదివారం నేను అప్పగించాను. దీపాలు వెలిగాయి, షట్టరు ఎక్కింది, దిగింది. వెళ్ళడానికి దారి లేదు కాబట్టి మేం అక్కడే ఉండిపోయాం. అలా, బావ ఎన్నడూ చూడనిది మేం చూశాం. రిబ్బను ఒక బడిపంతులమ్మ కత్తిరించింది. వానలో గొడుగులతో ఊరంతా వచ్చింది. నేను పడుకున్న ట్రయల్ రూములో ఒక ముసలాయన కోటు తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, కొనకుండా విప్పేసి వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చి అదే కోటు తొడుక్కున్నాడు. జనం నడిచే దారికి అడ్డంగా ఉన్న ఒక ర్యాకుని చూసి మిల్లీమీటరు, వాళ్ళు ఇటు తిరుగుతారని మనకి తెలియలేదే అని బాధపడ్డాడు. తర్వాత ఆ కొట్టు మేనేజరు ఆ ర్యాకుని జరిపేసుకున్నాడు. మేం బిగించింది బిగించినట్టు వారం కూడా లేదు.

ఇంటి సంగతులు మేనకోడలు ఫోనులో చెప్పింది.

బావ శనివారం చేరాల్సింది. దారిలో కల్వర్టు కొట్టుకుపోయి లారీ తిరుగుదారిలో వెళ్ళింది. ఆదివారం పొద్దున చేరాడు. శనివారం సాయంత్రమే అక్క పార్లరు ఆవిడకి వస్తానని చెప్పేసింది.

"నాన్న తడిసిపోయి వచ్చారు. అమ్మ, ఇప్పుడెందుకొచ్చారు అని అడిగింది. కొలుచుకోడానికి అన్నారు."

"తర్వాత?"

"అమ్మ తువ్వాలిచ్చింది. నాన్న టేపు తీసుకుని ఇల్లంతా కొలిచారు. వంటగది, స్నానాలగది, నా అలమార కూడా. నేను తోడు వెళ్ళాను. ఈ కిటికీ ఎప్పుడు పెట్టారు, ఈ మెట్టు ఎప్పుడు కట్టారు అని అడుగుతూనే ఉన్నారు. నాకు తెలిసినవి చెప్పాను."

"మరి కౌంటరు?"

"ముక్కలన్నీ ముందుగదిలో గోడకి ఆనించి ఉన్నాయి. అమ్మ వాటిని చూసి, ఎంత బాగా చేశారో అంది. చెయ్యి వేసి నిమిరింది. కానీ మాట ఇచ్చేశానంది." తర్వాత గొంతు తగ్గించింది ఆ పిల్ల. "అమ్మ అరవలేదు మావయ్యా. అదే నాకు భయమేసింది."

నాకూ వేసింది. అక్క అరిచినంత కాలం ఆ ఇంట్లో బావకి చోటుందని లెక్క.

హెడ్డాఫీసువాళ్ళు బావని పిలిచి చీవాట్లు పెట్టారు. తర్వాత ఇంకో దూరపు ఊరు పేరు చెప్పారు. ఆయన వెళ్ళనన్నాడు. ఎన్నాళ్ళు అని అడిగితే తెలియదన్నాడట. వాళ్ళు నాకు ఫోన్ చేశారు. ఆ పని ఇప్పటికీ నేనే చేస్తున్నాను. ప్రతి గదినీ రెండుసార్లు కొలుస్తాను. నాకు బావ బుర్ర లేదు కాబట్టి అని అందరికీ చెబుతాను.

ఏరు తగ్గి బల్లకట్టు నడిచేసరికి వానలు వెనకబట్టాయి. నేను బస్సు దిగి, ఇంటికి తాళం వేసి ఉంటే, బావ పెట్టె భుజాన వేసుకుని మెయిన్‌రోడ్డుకి నడిచాను. పార్లరు కొట్టు సగానికి తెర కట్టి ఉంది. తెరకి అవతల ఎవరి జుట్టో ఆరబెట్టే మిషను రొద పెడుతోంది. ఇవతల సగం ఖాళీ. అక్క మిషను ఒక మూల గుడ్డ కప్పి ఉంది. గోడౌనులో నేను చూసిన కౌంటరు ముక్కలు కింద పేర్చి ఉన్నాయి. బావ గోడ మూల మోకాళ్ళ మీద కూర్చుని టేపు చివర బొటనవేలితో నొక్కిపట్టుకున్నాడు. అక్క అటు చివర నిలబడి అంకె చదివి, సుద్దతో గోడ మీద రాస్తోంది. పండక్కి ఎక్కువ రోజులు లేవు.

"నిన్న కొలిచాం కదా ఇది," అన్నాడు బావ.

"నిన్న ఆవిడ అద్దం అక్కడుంది. ఇవాళ లేదు."

బావ టేపు మళ్ళీ ఆనించాడు. నన్ను చూసి తలూపాడు, లేవలేదు. సన్నబడ్డాడు. పెట్టె కింద పెట్టి అక్క పక్కకి వెళ్ళి, వినపడీ వినపడనట్టు అడిగాను.

"అడగనన్నావుగా అక్కా?"

"అడగలేదు. ఆయనే వచ్చి కూర్చున్నారు. రోజూ వస్తున్నారు." అక్క గోడ మీద అంకె వైపే చూస్తోంది. "ఏం చెయ్యమంటావని అడుగుతారు. చెబుతున్నాను."

"ఇంట్లో?"

"ఇంట్లో కూడా అడుగుతున్నారు. ఉప్పు డబ్బా ఎక్కడుందని నిన్న అడిగారు."

అది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు కాస్త మెత్తబడిందో, నేనే అలా అనుకున్నానో తెలియదు. వెంటనే సుద్ద చేతులు దులుపుకుని బావ వైపు తిరిగింది.

"ఏమండీ, కౌంటరు ఈ గోడకి పెడితే తలుపు తగులుతుందేమో. అది లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?"

ఆ తలుపులోంచే పొద్దున్న ఆయన లోపలికొచ్చి ఉంటాడు. బావ నోరు తెరిచాడు. చెప్పకుండా మూశాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, తలుపు దాకా వెళ్ళి, దాన్ని మూసి, తెరిచి, మళ్ళీ మూసి, రెక్క ఎంత దూరం వస్తుందో నేల మీద పాదంతో చూసుకుని తిరిగొచ్చాడు.

"లోపలికి," అన్నాడు.

నేను ఆపుకోలేక నవ్వాను.

"నవ్వకు," అంది అక్క. "ఆయన కొత్తగా వచ్చారు. అలవాటు పడనీ."